ఇరుముడి కట్టే గురుస్వాములకు ఒక విన్నపం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోనూ బెంగళూరు, చెన్నై, ముంబయి వంటి చోట్లా అయ్యప్ప పీఠాలు నడుపుతున్న తెలుగు గురుస్వాములందరికీ,

స్వామి శరణం.

శబరిమలకు తల మీద మోసుకెళ్లే ఇరుముడిలో ప్లాస్టిక్ వద్దని అడిగే ఈ లేఖ రాయడానికి రెండేళ్లు తటపటాయించాను. గురుస్వాములకు చెప్పేంతవాణ్ణా అన్న సంకోచం ఒకటి, దీక్షనే తప్పుపడుతున్నాడని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయం మరొకటి. నేను పదకొండుసార్లు మాల వేసుకున్నాను. ఎరుమేలి నుంచి అడవి గుండా సాగే పెద్దపాదం దారిలో నాలుగుసార్లు నడిచాను. అడవి మీద, అడవిలో తిరిగే జీవాల మీద నాకున్న ప్రేమ ఆ నడకలోనే పుట్టింది. మీ వెనక నడిచినవాడిగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండేళ్ల కిందటి సంగతి. ఎరుమేలిలో పేటతుళ్లి ఆడి, అళుదా నదిలో మునిగి రాయి తీసుకుని, కరిమల ఎక్కి దిగి, వలియానవట్టం దగ్గరకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా బృందంలో మొదటిసారి మాల వేసిన పదహారేళ్ల కన్నెస్వామి ఉన్నాడు. అరికాళ్లు బొబ్బలెక్కి నడవలేకపోతుంటే ఇద్దరం దారి పక్క బండ మీద కూర్చున్నాం. అతని కాళ్ల దగ్గరే ఒక ఏనుగు లద్దె పడి ఉంది. పాతదే. పైన ఎండి పెళుసుబారింది, కింద ఇంకా తేమ ఉంది, పేడపురుగులు దాన్ని తొలుస్తున్నాయి. పిల్లవాడు సరదాగా పుల్లతో కదిపాడు. వెదురు పీచు, గడ్డి నార, ఏదో కాయ గింజలు బయటపడ్డాయి. వాటి మధ్య ఒకటి మెరిసింది. పుల్లతో పైకి లాగితే సగం మడతపడిన చిన్న ప్లాస్టిక్ పొట్లం. అడవి దాన్ని ఏమీ చేయలేకపోయింది, ఏనుగు కడుపు కూడా ఏమీ చేయలేకపోయింది. దాని మీద అక్షరాలు ఇంకా చెక్కుచెదరలేదు. తెలుగు అక్షరాలు. 'పసుపు' అని ఉంది.

కేరళ అడవిలో, ఏనుగు లద్దెలో, తెలుగు చదివాను స్వామీ. ఆ పొట్లం ఏ ఊరి స్వామి ఇరుముడిలో నుంచి జారిందో తెలియదు. నా ఇరుముడిలోదే కాదని నేను ప్రమాణం చేయలేను. అంతకు ముందు ఏళ్లలో నేను మోసిన ఇరుముడుల్లోనూ అలాంటి పొట్లాలే ఉన్నాయి. పూజాసామగ్రి దుకాణంలో 'ఇరుముడి సెట్టు' అని అడిగితే ఇస్తారు. పసుపు ఒక పొట్లం, కుంకుమ ఒక పొట్లం, విభూతి, గంధం, అటుకులు, బెల్లం, జీడిపప్పు, ఎండుద్రాక్ష, కర్పూరం, అగరొత్తులు, చిన్న సీసాలో పన్నీరు, ఇంకో చిన్న సీసాలో తేనె. ఒక్కొక్కటీ విడివిడిగా ప్లాస్టిక్‌లో, అన్నీ కలిపి పైన ఇంకో ప్లాస్టిక్ సంచిలో. యాభై మంది స్వాములున్న ఒక్క బస్సులో తలకు పది పొట్లాల చొప్పున లెక్కేసుకున్నా అయిదు వందల పొట్లాలు. వాటిలో ఎన్ని తిరిగి ఇంటికి వస్తున్నాయి?

ఈ లేఖ గుడి నడిపే దేవస్వం బోర్డుకో అటవీ శాఖకో రాయకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఆ అడవిలోకి ఏది వెళ్లాలో నిర్ణయం జరిగేది పంబలో కాదు. మన ఊళ్లో, మన పీఠంలో, మీ చేతుల మీదుగా జరుగుతోంది. ముడి కట్టేది మీరు. ఏది పెట్టమంటే అది పెడతాం. 41 రోజులు చన్నీటి స్నానం చేయమంటే చేస్తాం, నేల మీద పడుకోమంటే పడుకుంటాం, చెప్పులు వదలమంటే వదిలేసి మండే తారు రోడ్డు మీద నడుస్తాం. జీవితంలో ఎవరి మాటా వినని మనిషి కూడా మాల వేసుకున్నాక గురుస్వామి మాటకు ఎదురు చెప్పడు. ఏ ప్రభుత్వానికీ, ఏ కోర్టుకూ అంత చెల్లుబాటు లేదు. ప్లాస్టిక్ ఉన్న ఇరుముడి కట్టనని మీరు ఒక్క మాట అంటే, మర్నాటి నుంచి మన ఊరి దుకాణదారు కూడా కాగితం పొట్లాలే అమ్ముతాడు.

ఏనుగు ఒంటి తీరు కొంచెం చెప్పనివ్వండి. అది తెలిస్తే తప్ప పసుపు పొట్లం ఎందుకంత ప్రమాదమో అర్థం కాదు. పెద్ద ఏనుగు రోజుకు నూట యాభై కిలోల దాకా మేత తింటుంది. ఆవులా నెమరు వేయదు. తిన్నదానిలో సగం కూడా దానికి ఒంటపట్టదు, మిగతాది లద్దెగా బయటకు వస్తుంది. అందుకే పగలూ రాత్రీ తింటూనే ఉండాలి. గడ్డి, వెదురు, బెరడు, ఆకులు, కాయలు, ఏది దొరికితే అది. మేతలో ఉప్పు తక్కువ కాబట్టి ఉప్పు కోసం చవిటి నేలలు వెతుక్కుంటూ వెళ్లి మట్టిని తవ్వుకుని తింటుంది. ఇక ముక్కు సంగతి చెప్పనక్కరలేదు. మనకు ఆనవాలు కూడా తెలియని వాసన దానికి దూరం నుంచే అందుతుంది. అలాంటి జంతువుకు పులిహోర అంటిన కవరు, ఉప్పు అంటిన చిప్స్ ప్యాకెట్, బెల్లం కరిగి అంటుకున్న పొట్లం ఎదురైతే ఏం చేస్తుంది? తొండం చివర వేలులాంటి కొనతో వేరుశనగ గింజనైనా ఏరుకోగలదు గానీ, పొట్లం విప్పి లోపలిది తిని పైది పారేయడం దానికి తెలియదు. అడవిలో తొక్క ఉన్నదేదైనా తొక్కతో సహా తినదగ్గదే. కొన్ని వేల తరాలుగా నేర్చుకున్న ఆ తెలివే ఇప్పుడు దాన్ని మోసం చేస్తోంది.

పొట్లం ఒక్కటైతే లద్దెలో బయటపడుతుంది, మేం చూసినదానిలా. పదీ ఇరవై చేరి పేగులో ముద్దకట్టుకుంటే బయటపడదు. దారి మూసుకుపోతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, మేత తినాలనిపించదు, తిన్నది ఒంటబట్టదు. అంత పెద్ద శరీరం రోజుల తరబడి కృశించి ఏ నీటి ఒడ్డునో కూలిపోతుంది. తుపాకీ దెబ్బ తగిలిన ఏనుగును కాల్చినవాడెవడో వెతుకుతారు. ఇలా పోయిన ఏనుగుకు హంతకుడు అంటూ ఎవరూ దొరకరు.

శ్రీలంకలో అంపార జిల్లా పల్లక్కాడు దగ్గర ఏం జరిగిందో మీలో కొందరు చదివే ఉంటారు. చుట్టుపక్కల ఊళ్ల చెత్తను అడవి అంచున కుప్ప పోశారు. ఏనుగులు మందలుగా ఆ కుప్ప మీదికి మేతకు రావడం మొదలుపెట్టాయి. ఎనిమిదేళ్లలో దాదాపు ఇరవై ఏనుగులు చనిపోయాయని 2022 జనవరిలో వార్తలు వచ్చాయి. అప్పుడు శవపరీక్ష చేసిన పశువైద్యుడు చెప్పిన మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. కడుపులో పాలిథిన్, తినుబండారాల కవర్లు, నీళ్లు తప్ప ఏనుగు మామూలుగా తినే మేత ఏదీ కనబడలేదని ఆయన అన్నాడు.

అంత దూరం ఎందుకు, మనం శబరిమల వెళ్తూ వస్తూ చుట్టుపక్కల ఆగే కోయంబత్తూరు చూడండి. మరుదమలై మురుగన్ కొండ కింద 2025 మేలో ఒక ఆడ ఏనుగు లేవలేక పడిపోయింది. పక్కనే గున్న నిలబడి తల్లిని లేపడానికి పాకులాడింది. క్రేన్ తెచ్చి నిలబెట్టి, సెలైన్లు ఎక్కించి, వైద్యులు నాలుగు రోజులు కష్టపడ్డారు. బతకలేదు. కోసి చూస్తే కడుపులో ప్లాస్టిక్, గర్భంలో పిల్ల. ఏనుగు ఒక్క పిల్లను ఇరవై రెండు నెలల దాకా మోస్తుంది. ఆ కొండ కింద చెత్త వేసే స్థలం ఉంది, ఆ చెత్తకు ఏనుగులు అలవాటుపడ్డాయి. గుడికి వచ్చే భక్తులు, కొండ కింద ఊరివాళ్లు, ఇద్దరూ ఆ కుప్పకు తలా కొంత చేర్చినవాళ్లే. ఉత్తరాఖండ్‌లో హరిద్వార్ చుట్టుపక్కల అడవుల్లో పరిశోధకులు ఏనుగు లద్దెలు పరీక్షిస్తే వాటిలోనూ ప్లాస్టిక్, గాజు ముక్కలు, లోహపు తునకలు దొరికాయి. అదీ పుణ్యక్షేత్రమే. పెరియార్ అడవిలో చనిపోయిన ఏనుగుల కడుపులోనూ ప్లాస్టిక్ దొరికినట్టు కేరళ పత్రికలు రాశాయి. మనం ఎక్కడికి భక్తితో వెళ్తున్నామో అక్కడికి మన చెత్త కూడా మనతోపాటు వస్తోంది.

మనం నడిచే నేల సంగతి చెబుతాను. శబరిమల పెరియార్ పులుల అభయారణ్యంలో ఉంది. దాని విస్తీర్ణం 925 చదరపు కిలోమీటర్లు. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది. కానీ 1895లో ముల్లపెరియార్ ఆనకట్ట కట్టినప్పుడే ఏనుగులకు ఇష్టమైన లోయ అడుగు భాగం నీటిలో మునిగిపోయింది. అడవి అంచుల చుట్టూ టీ, యాలకులు, రబ్బరు తోటలు పరుచుకున్నాయి. ఆ తర్వాత దంతాల వేటగాళ్లు పడ్డారు. 1980ల చివరికి ఆ అడవిలో వందకు పైగా పెద్ద ఆడ ఏనుగులకు ఒక్క పెద్ద మగ ఏనుగు మిగిలిందని లెక్క తేలింది. అంత దెబ్బ తిన్న మంద మెల్లగా కోలుకుంటున్న చోటు అది. మనం బాడీ స్ప్రే వాసనతో, మైకులతో, పొట్లాలతో నడిచి వెళ్తున్నది ఆ మంద ఇంటి మధ్య నుంచే.

పేర్లు చూడండి. మలయాళంలో 'ఆన' అంటే ఏనుగు. 'వలియ' అంటే పెద్ద, 'చెరియ' అంటే చిన్న. వలియానవట్టం, చెరియానవట్టం అంటూ మనం విడిది చేసి దాటిపోయే ఆ రెండు మజిలీలూ ఏనుగు పేరు మోస్తున్నవే. 'కరిమల ఎక్కం కఠినం కఠినం' అని శరణు పలుకుతూ ఎక్కుతాం. తెలుగు చెవికి కరి అంటే ఏనుగే కదా. పేర్లు పెట్టిన పాతకాలపు మనుషులకు తాము ఎవరి చోటులో నడుస్తున్నారో తెలుసు. ఆ చోటుకు పూంకావనం అని పేరు పెట్టారు, స్వామివారి పూలతోట అని.

ఒకప్పుడు ఆ తోటలోకి మనుషులు ఏడాదిలో కొన్ని రోజులే వెళ్లేవారు. మిగతా రోజులు అడవి అడవిదే. ఇప్పుడు మండలం, మకరవిళక్కు కాక ప్రతి మలయాళ మాసం మొదట్లో కూడా గుడి నడ తెరుస్తున్నారు. 2024-25 సీజనులో యాభై లక్షల మందికి పైగా దర్శనం చేసుకున్నారు. వర్షాలు ఆగి, కొండల మీద వాగులు సన్నబడి, ఏనుగులు నది వైపు దిగాల్సిన నెలల్లోనే మన నడక కూడా. నది ఒడ్డున మనం, పైన కొండ మీద అవి. మన గుంపులు సద్దుమణిగేదాకా నీటికి దిగలేక ఎక్కడో ఆగిపోతాయి. ఎక్కువ మందిమి అవుతున్నకొద్దీ ఇంకా గదులు కావాలి, ఇంకా పార్కింగ్ కావాలి, దారి వెడల్పు చేయాలి, రాత్రంతా లైట్లు ఉండాలి అని అడుగుతూ పోతున్నాం. అడిగిన ప్రతిదానికీ కావాల్సింది చోటే, ఆ చోటు అడవిలో నుంచే రావాలి. పంబ ఒడ్డున మనం కట్టుకున్నవి 2018 ఆగస్టు వరదల్లో ఎలా కొట్టుకుపోయాయో చూశాం. ఆ తర్వాత బస్సుల మజిలీ నిలక్కల్‌కు మారింది. అసౌకర్యమే. అయినా సన్నిధానంలో మెత్తటి పడక దొరకలేదని ఫిర్యాదు చేసే స్వామికి, మాల వేసిన రోజున నేల మీద పడుకుంటానని మాట ఇచ్చావని గుర్తుచేయగలిగినవారు మీరే.

చెత్త మాట వచ్చినప్పుడల్లా ఒక జవాబు వింటాను. 'శుభ్రం చేయడానికి దేవస్వంవాళ్లు ఉన్నారు, మనం కానుకలు వేస్తున్నాం కదా' అని. అక్కడ విశుద్ధి సేన పేరుతో దాదాపు వెయ్యిమంది పారిశుధ్య కార్మికులు పనిచేస్తారు. ఎక్కువమంది తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. మనం నిద్రపోతున్నప్పుడు సన్నిధానంలో, పంబలో, నిలక్కల్‌లో, ఎరుమేలిలో మన వెనక ఊడ్చుకుంటూ వస్తారు. వాళ్లకు దండం పెట్టాలి. కానీ కరిమల దారికి యాభై అడుగుల అవతల, వాలులో, పొదల కింద పడిన కవరును ఏ చీపురు తేగలదు? గాలికి ఎగిరి వాగులో పడినదాన్ని ఎవరు ఏరగలరు? ఆ యాభై అడుగుల అవతల నుంచే ఏనుగు ఇల్లు మొదలవుతుంది.

ఇంకో జవాబు, ఆచారం. పన్నీరు లేని ఇరుముడి ఇరుముడేనా అని మా పీఠంలోనే ఒక పెద్దస్వామి అడిగారు. 2024లో, గుడి ఆచారాల్లో తుది మాట చెప్పే శబరిమల తంత్రి కండరరు రాజీవరు స్వయంగా దేవస్వం బోర్డుకు లేఖ రాశారు. కర్పూరం, అగరొత్తులు, పన్నీరు ఇరుముడిలో తేనక్కరలేదని, తెచ్చినా అవి పూజకు పోవడం లేదని ఆయన చెప్పారు. గుడిలో వాటిని వెలిగించనివ్వరు, పోగుచేసి తగలబెడతారు. స్వామివారికి చేరని వస్తువును వెయ్యి కిలోమీటర్లు తల మీద మోసుకెళ్లి అక్కడ చెత్తగా వదిలి వస్తున్నాం. పంబలో బట్టలు వదిలేయడం కూడా అంతే. అది ఆచారం కాదని దేవస్వం, కోర్టులు ఎన్నిసార్లు చెప్పినా మన తెలుగు స్వాములు మాత్రం నల్లపంచలు నదిలో వదులుతూనే ఉన్నారు. ఇరుముడిలో ప్లాస్టిక్ వద్దని కేరళ హైకోర్టు కొన్నేళ్ల కిందటే ఆదేశించింది. 2011లో పి.విజయన్ అనే పోలీసు అధికారి 'పుణ్యం పూంకావనం' మొదలుపెట్టి, ఎవరి చెత్త వారు వెనక్కి తీసుకెళ్లండని చేతులెత్తి మొక్కారు. ఈ మాటలన్నీ మలయాళంలో, తమిళంలో, బోర్డుల మీద తెలుగులో కూడా ఉన్నాయి. మన స్వాములు బోర్డులు చదవరు. మీ మాట వింటారు.

అసలు ఆచారం ఎటు ఉందో మీకు నేను చెప్పాలా? మా తాత మోసిన ఇరుముడిలో గుడ్డ మూటలు ఉండేవి. నేతి టెంకాయ కన్ను తొలిచి, నీరు వంచి, నెయ్యి పోసి బిరడా బిగించేవారు. కొబ్బరికాయ కంటే మంచి డబ్బా ఎవరు చేశారు? బెల్లం అడ్డాకులో, అటుకులు పాతపంచె చింపిన గుడ్డలో, విభూతి కాగితంలో. సగం పూజకు పోగా మిగిలింది మట్టిలో కలిసిపోయేది. ప్లాస్టిక్ పొట్లం మన ఆచారంలోకి వచ్చి ముప్పై నలభై ఏళ్లు అయి ఉంటుంది. దాన్ని తీసేయడం పాత పద్ధతికి తిరిగి వెళ్లడమే.

ఇరుముడి తర్వాత బస్సు. ఇక్కడ నాకు బాధ మరీ ఎక్కువ. మన తెలుగు బృందాలు వంటవాళ్లను, గ్యాస్ పొయ్యిని, పాత్రలను వెంట తీసుకెళ్తాయి. అందులో తప్పు లేదు, దీక్షలో బయటి తిండి తినకూడదు. కానీ అడవి రోడ్డు పక్కన బస్సు ఆపి, వండి, తిని, మిగిలిన అన్నం, సాంబారు, ప్లాస్టిక్ పూత పూసిన విస్తర్లు అక్కడే పోసి, శరణు పలికి బస్సెక్కుతాం. 'మూగజీవాలు తింటాయిలే' అని ఒక పుణ్యపు మాట కూడా అంటాం. తింటాయి. అదే ప్రమాదం. ప్లాస్టిక్ ఒక్కటీ లేకపోయినా, వండిన అన్నం రోడ్డు పక్కన రోజూ దొరుకుతుందని తెలిసిన ఏనుగు రోజూ రోడ్డు పక్కకు వస్తుంది. మనిషి వాసన అంటే తప్పుకునే జంతువు, మనిషి వాసన అంటే తిండి అని నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఒక రాత్రి మన స్వామి ఒకరు టార్చి వేసుకుని పొదల వైపు వెళ్తారు. 2019 జనవరిలో కరిమల దారిలో తమిళనాడు భక్తుడొకరు ఏనుగు దాడిలో ప్రాణాలు కోల్పోయారు. పంబలో, సన్నిధానంలో తిరిగే కణుజులను (సాంబార్ జింకలను), అడవి పందులను చూడండి. చేతిలో కవరు కనబడితే వెంటపడుతున్నాయి. మనం దాన్ని చూసి ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటున్నాం. వాటిని అలా చేసింది మనమే.

చీకటి పడ్డాక కరిమల దారిలో నడవనివ్వకపోతే అటవీ సిబ్బందితో గొడవపడే బృందాలను చూశాను. అందులో మనవాళ్లే ఎక్కువ. ఆ నిబంధన మన ప్రాణం కోసం, వాటి రాత్రి కోసం. దయచేసి గొడవపడవద్దని చెప్పండి. దూరం కలిసొస్తుందని మలుపుల్లో అడ్డదారులు తొక్కవద్దని కూడా చెప్పండి. ఇవాళ నలుగురు తొక్కిన అడ్డదారి వచ్చే సీజనుకు బాట అవుతుంది, ఆ పైన అక్కడ ఒక టీకొట్టు వెలుస్తుంది.

ఇదంతా కేరళవాళ్ల గొడవ అనుకుంటే మన చిత్తూరు జిల్లా గుర్తుచేసుకోండి. తరాల తరబడి ఏనుగన్నదే లేని ఆ అడవుల్లోకి 1980ల్లో తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల నుంచి ఏనుగులు వచ్చాయి. సరదాకి రాలేదు. అక్కడ అడవి ముక్కలై, మేత, నీరు చాలక నడుచుకుంటూ వచ్చాయి. 1990లో వాటి కోసమే కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటి నుంచి పలమనేరు, కుప్పం వైపు రైతులు పడుతున్న కష్టం, కరెంటు తీగలకు తగిలి ఏనుగులు చావడం, రెండూ ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు అప్పటి అన్నమయ్య జిల్లా గుండాలకోన అడవిలో గుడికి నడిచి వెళ్తున్న మన భక్తులే ఏనుగుల కాళ్ల కింద చనిపోయారు. ఇల్లు కోల్పోయిన ఏనుగు ఎక్కడో ఒకచోట తేలుతుంది. పెరియార్‌లో దానికి చోటు లేకుండా చేస్తే ఇంకెక్కడో ఇంకెవరి చేలోనో తేలుతుంది.

మా పీఠంలో పోయిన ఏడాది ఏం చేశామో చెబుతాను. గొప్ప కోసం కాదు, చేయడం సాధ్యమేనని తెలియడానికి. మేం నలభై ఆరు మంది స్వాములం. దుకాణంలో సెట్టు కొనవద్దని గురుస్వామి మాల వేసిన రోజునే చెప్పేశారు. మాతలు పాతపంచెలతో చిన్న సంచులు కుట్టి ఇచ్చారు. పసుపు, కుంకుమ, విభూతి కాగితం పొట్లాల్లో కట్టాం. పన్నీరు, కర్పూరం, అగరొత్తులు మానేశాం. తేనె అందరికీ కలిపి ఒక స్టీలు డబ్బాలో పట్టుకెళ్లి అక్కడ పంచుకున్నాం. విస్తర్లకు బదులు ఎవరి కంచం వారు తెచ్చుకున్నారు. కంచాలు కడగడానికి నీళ్లు చాలక రెండుచోట్ల ఇబ్బందిపడ్డాం. నీళ్ల సీసాల దగ్గర మాత్రం ఓడిపోయాం. దారిలో దాహానికి ఆగలేక చాలామంది కొన్నారు. ఇద్దరు స్వాముల సంచుల్లో షాంపూ ప్యాకెట్లు ఉన్నాయి, పంబ స్నానం దగ్గర కనిపెట్టి తీసేశాం. ఖాళీ సీసాలు, బిస్కట్ కవర్లు అన్నీ ఒక గోనెసంచిలో వేసి బస్సు వెనక కట్టుకుని ఊరికి తెచ్చాం. సంచి నిండింది. అంత జాగ్రత్తపడ్డ నలభై ఆరు మందిది ఒక నిండు గోనెసంచి అయితే, జాగ్రత్తపడని ఏళ్లలో మేం ఎన్ని సంచులు అడవిలో వదిలి వచ్చామో తలుచుకుంటే ఆ రాత్రి భోజనం సయించలేదు.

ఈసారి సీసాలు కూడా వద్దని, ఒక్కొక్కరికి ఒక స్టీలు సీసా కొనిపించాం. పడిపూజ ఖర్చులో పూల అలంకరణ తగ్గించి ఆ డబ్బు దీనికి పెట్టాం. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. గురుస్వామి ఒప్పించారు.

మీరు కూడా ఈ కార్తీకంలో మాల వేసేటప్పుడే ఈ సంగతి చెప్పండి. ఇరుముడి కట్టే రోజు దాకా ఆగితే ఆలస్యమవుతుంది, అప్పటికే సెట్లు కొనేసి ఉంటారు. మీ ఊరి పూజాసామగ్రి దుకాణదారుతో ఒకసారి మాట్లాడండి. బస్సు బయలుదేరేముందు ఖాళీ గోనెసంచులు రెండు ఎక్కించి, వాటి బాధ్యత ఒక స్వామికి అప్పగించండి. అది కన్నెస్వామికి ఇచ్చే పని అనుకోకండి, మా బృందంలో పద్దెనిమిదోసారి వెళ్తున్న స్వామి అడిగి మరీ తీసుకున్నారు. అడవిలో మిగిలిన అన్నం పారబోయనివ్వకండి. కొంచెం తక్కువ వండించండి.

ఆ రోజు లద్దెలో దొరికిన పొట్లాన్ని మా కన్నెస్వామి పారేయలేదు. పంబలో కడిగి, వెనుకముడిలో పెట్టుకుని ఊరికి తెచ్చాడు. మా గురుస్వామి దాన్ని ఒక గాజు సీసాలో వేసి, ఇరుముడి కట్టే చాప పక్కన పెట్టించారు. ఎవరికీ ఏమీ ఉపన్యాసం చెప్పరు. ముడి వేసేముందు సంచిలోకి చెయ్యి పెట్టి ఒకసారి తడిమి చూస్తారు. చేతికి గరగరలాడేది ఏదైనా తగిలితే బయటకు తీసి పక్కన పెట్టి, అప్పుడు శరణు చెప్పించి ముడి బిగిస్తారు. ఈసారి మీరు కూడా అలా ఒకసారి తడిమి చూడండి, స్వామీ.

స్వామియే శరణమయ్యప్ప.

మీ వెనక నడిచే ఒక స్వామి